గులాబి మూత సీసాలో మూడో వాసన

బుజ్జులూ,

సెంటు కంపెనీవారికి బుజ్జులు వాళ్ళమ్మ రాస్తున్న ఉత్తరం. ఎండాకాలానికని ఆడపిల్లల కోసం మీరు అమ్మే గులాబి మూత సీసా, చవకలో వచ్చేది, పండ్ల వాసనా పూల వాసనా కలిసి ఉంటుందే, దాని గురించే ఇదంతా.

మా బుజ్జులుకి ఆ సెంటంటే ప్రాణం. వరసగా రెండు ఎండాకాలాలు అదే కొట్టుకుంది. చెప్పుల దుకాణంలో ఉద్యోగం. "రోజంతా ఎవరెవరి కాళ్ళ దగ్గరో కూర్చుంటానమ్మా, నాకంటూ ఒక మంచి వాసన ఉండొద్దా?" అనేది. అది పనికి వెళ్ళిపోయాక కూడా ఆ వాసన ఇంకో పది నిమిషాలు గదిలోనే కూర్చునేది.

మొన్న నేను కొత్త సీసా తెచ్చాను. అదే మూత, అదే పువ్వు బొమ్మ. లోపల మాత్రం ఆ వాసన కాదు. ఏదో తగ్గింది. మోసం చేశారని అనను. అంత పెద్ద గంగాళాల్లో కలిపేటప్పుడు ఒక దినుసు మరిచిపోయి ఉంటారు. నేనూ కూరలో ఉప్పు మరిచిపోతుంటాను. దయచేసి చూసుకుని, వెనకటి వాసన ఉన్న సీసా ఒకటి పంపండి.

కడుపు నిండా తిను.
అమ్మ

(వెనక వైపు)

తా.క. ఉత్తరం అయిపోయాక గుర్తొచ్చినవి రాయాలంటే ఇలా పెట్టాలని మా టైలరన్నయ్య చెప్పాడు. నాకు అన్నీ అయిపోయాకే గుర్తొస్తాయి.

పైన బుజ్జులూ అని ఎందుకు పెట్టానో, చివర తిను అని ఎందుకు రాశానో చెప్పాలి. నాకు రాయడం నేర్పింది అదే. బతుకులో నేను రాసినవన్నీ దాని భోజనం డబ్బాలో పెట్టే చీటీలే. మొదట బుజ్జులూ, చివర కడుపు నిండా తిను, మధ్యలో ఏ రోజు సంగతి ఆ రోజు. ఇంకోలా మొదలుపెడితే నా కలం కదలదు. నాలుగు కాగితాలు చించాక టైలరన్నయ్య, "నీకు వచ్చినట్టే రాయి చెల్లెమ్మా, కంపెనీవాళ్ళేమైనా కొరుకుతారా?" అన్నాడు.

అసలు సంగతి ఇది. బుజ్జులు జ్వరమని పడుకుంది. నాలుగో రోజున పోయింది. పదకొండు నెలలైంది. నేను పాత పని మానేసి, ఆ సామానంతా మంచం కిందికి తోసేసి, టైలరన్నయ్య దగ్గర గుండీలు కుడుతున్నాను. దాని స్కార్ఫులో వాసన రోజుకింత తగ్గిపోతోంది. అందుకే సీసా కొన్నాను. ఎక్కువ అక్కర్లేదు. ఒక్కసారి మా గది మళ్ళీ ఆ పది నిమిషాల్లా ఉంటే చాలు.

ఇంకో తా.క. సీసా అమ్మిన అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి "ఆంటీ, ఇది మీ వయసుకి కాదు" అంది. ఎండ నా మీద మాత్రం వయసు చూసే పడుతోందా?

*

గౌరవనీయ వినియోగదారు గారికి,

తమరి ఉత్తరం అందినది. అది ఫిర్యాదు సంఖ్య నాలుగు వేల పదిహేడుగా నమోదైనది.

ఒకటి: తమరు ఉత్తరాన్ని "బుజ్జులు" గారికి రాసియున్నారు. అన్ని విభాగాలలో విచారించగా ఆ పేరుగల ఉద్యోగి మా సంస్థలో లేరని తేలినది. ప్యాకింగు విభాగంలో ఒకరిని ఇంట్లో ఆ పేరుతో పిలుస్తారని తెలియవచ్చినది గానీ, ఆయన వయసు యాభై నాలుగు. తనకు ఈ ఉత్తరంతో ఎట్టి సంబంధమూ లేదని ఆయన రాతపూర్వకంగా తెలియజేసినారు.

రెండు: ఉత్తరం చివర "కడుపు నిండా తిను" అని సూచించియున్నారు. పైన కూర, ఉప్పు ప్రస్తావన కూడా ఉన్నందున మా భద్రతా విభాగం ఆందోళన చెందుచున్నది. మా పరిమళం ఒంటిపై చల్లుకొనుటకు మాత్రమే. ఎవరైనా ఇప్పటికే సేవించియున్న యెడల వెంటనే వైద్యుని కలువవలెను.

మూడు: తమరి తృప్తి కొరకు కొత్త సీసా ఒకటి ఉచితంగా పంపుచున్నాము. జతపరచిన ప్రశ్నల పత్రాన్ని నింపి పంపగలరు.

భవదీయ,
సహాయ అధికారి,
వినియోగదారుల సంబంధాల విభాగం

తా.క. సీసాతోపాటు ఒక హెచ్చరిక చీటీ కూడా ఉన్నది. దానిని కూడా తినరాదు.

*

బుజ్జులూ,

కంపెనీవారికి నమస్కారం. సీసా అందింది. పసిబిడ్డకి చుట్టినట్టు దూది చుట్టి పంపారు, మీ కడుపు చల్లగా ఉండాలి.

కానీ ఇదీ ఆ దుకాణంలో కొన్న సీసాలాంటిదే. మూత తీయగానే బేరిపండు కోసినట్టుంటుంది. కాసేపటికి మల్లెపూలు. అక్కడితో సరి. మా బుజ్జులు దగ్గర మూడోది ఒకటి ఉండేది. అది పండూ కాదు, పువ్వూ కాదు. వెచ్చగా, శుభ్రంగా, తలుపు తీయగానే ఇల్లు ఎదురొచ్చి పలకరించినట్టుండేది. ఆ మూడోదాన్ని మీ దగ్గర ఎవరు తీసేశారో కనుక్కోండి.

మీ సెంటు మీద నాకు చెడ్డ అభిప్రాయం లేదు. బుజ్జులు ఇది తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. దుకాణంలో తోటి పిల్లలందరి చేతా ఇదే కొనిపించింది. వాళ్ళ మేనేజరు, "ఇది చెప్పుల దుకాణమా, పూలతోటా?" అని విసుక్కునేవాడట.

ప్రశ్నల కాగితం నింపి దీంతోనే పెట్టాను.

కడుపు నిండా తిను.
అమ్మ

(వెనక వైపు)

తా.క. ఆ కాగితంలో గడులు చిన్నవి, నా అక్షరాలు పెద్దవి. అందుకని పట్టనివి ఇక్కడ రాస్తున్నాను.

మీ వయసు ఏ గడిలో ఉందని అడిగారు. పద్దెనిమిది నుంచి పాతిక మధ్య టిక్కు పెట్టాను, సెంటు దానిది కాబట్టి. నా వయసుకి మీ కాగితంలో గడే లేదు. "ఇతరులు" అని ఉంది. ఇంతకాలం బతికి చివరికి ఇతరుల్లో పడ్డాను.

చర్మం మీద మచ్చలేమైనా వచ్చాయా అన్నారు. కుడి మణికట్టు మీద ఒకటుంది, కాలింది. అది పాత పనిది. మీకు సంబంధం లేదు, భయపడకండి.

ఎక్కడ చల్లుకుంటారు అన్నారు. బుజ్జులు ఒంటికి కొట్టుకునేది కాదు. పనికి వెళ్ళేముందు చొక్కా, స్కార్ఫు ఇంకా వేడివేడిగా ఉండగానే వాటిమీద కొట్టేది. "వేడి మీద కొడితే సాయంత్రం దాకా నిలుస్తుందమ్మా" అనేది. "మరక పడుతుందే పిచ్చిమొహమా" అని నేను రోజూ అరిచేదాన్ని. నిన్న ఆ చొక్కా తీసి వెలుతురులో పెట్టి చూశాను. ఒక్క మరకా లేదు. అనవసరంగా అరిచాను.

ఇంకో తా.క. మీరు తినొద్దన్న చీటీని టైలరన్నయ్య గుండీల డబ్బా మీద అంటించాడు. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపిస్తున్నాడు. నాతో కలిసి పదకొండు నెలలుగా పనిచేస్తున్నాడు, నన్ను నవ్వించడం మాత్రం మీ చీటీ వల్లే అయింది.

*

గౌరవనీయ వినియోగదారు గారికి,

ముందుగా శుభవార్త. మా పరిమళాన్ని వరుసగా రెండు వేసవులు విడువక వాడి, తోటి ఉద్యోగినుల చేత కూడా కొనిపించిన కుమారి బుజ్జులు గారిని ఈ సంవత్సరపు "వేసవి నేస్తం"గా మా సంస్థ ఎంపిక చేసినదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. (బుజ్జులు గారు తమరి కుమార్తె అని, మా ఉద్యోగి కారని ఇప్పుడు గ్రహించినాము. ప్యాకింగు విభాగపు పెద్దాయన చాలా ఊరట చెందినారు.) ఆమె ఫోటో మా కొత్త అట్టపెట్టెలపై వేయబడును. ఫోటో తీయించుకొనుటకు ఆమె స్వయంగా రావలెను. అంగీకార పత్రంపై స్వయంగా సంతకం చేయవలెను.

ఇక ఫిర్యాదు సంగతి. పరిమళాల రూపకర్త గారు, అనగా మేమందరం వాసనల మాస్టారు అని పిలుచువారు, స్వయంగా పరిశీలించినారు. మా పరిమళంలో ఉన్నవి బేరిపండు, మల్లె మాత్రమే. మూడవది ఏనాడూ లేదు, తీసివేయుట అసలే జరగలేదు.

మరొక విషయం. రెండవసారి కూడా తినమని సూచించినారు. పైగా "కడుపు చల్లగా" అని కూడా రాసినారు. మా పరిమళం కడుపును చల్లబరచునని మేము ఏ ప్రకటనలోనూ చెప్పియుండలేదు.

భవదీయ,
సహాయ అధికారి,
వినియోగదారుల సంబంధాల విభాగం

తా.క. ఫోటో రోజున కుమారి బుజ్జులు గారికి భోజనం మా సంస్థే ఏర్పాటు చేయును. దానిని తినవచ్చును.

*

బుజ్జులూ,

కంపెనీవారికి. బుజ్జులు ఫోటోకి రాదు. ఎందుకు రాదో మొదటి ఉత్తరంలోనే రాశాను. ఇంకోసారి రాయడానికి చెయ్యి రావడం లేదు.

మూడోది ఏనాడూ లేదన్నారు. పిచ్చిది ఏదో వాగుతోందని అనుకుని ఉంటారు. నాకూ ఒక రాత్రంతా అదే అనుమానం పట్టుకుంది. లేనిదాన్ని ఉందనుకుని వెతుకుతున్నానా అని. పొద్దున లేచి స్కార్ఫు మడతలోకి మొహం పెట్టాను. ఉంది. సన్నగా ఉంది, కానీ ఉంది. అందుకే సాక్ష్యం పంపుతున్నాను. దాని భోజనం డబ్బాలో పెట్టి పంపుతున్నాను, గాలి పోదని. మీ మాస్టారుని ఒకసారి ముక్కు పెట్టి చూడమనండి. ఎక్కువసేపు తెరిచి ఉంచొద్దు. మిగిలిందే కాస్త.

కడుపు నిండా తిను.
అమ్మ

(వెనక వైపు)

తా.క. పంపింది సగం స్కార్ఫే. మొత్తం పంపడానికి నాకు ధైర్యం చాలలేదు. టైలరన్నయ్యని కోయమన్నాను. ముప్పై ఏళ్ళుగా గుడ్డ కోస్తున్న మనిషి, కత్తెర తెరిచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నా వల్ల కాదు చెల్లెమ్మా" అన్నాడు. నేనే కోశాను. వంకరటింకరగా వచ్చింది. "ఇలా కోస్తే నా దగ్గర ఎవరికీ రెండో రోజు పని ఉండదు" అని ముక్కు చీదుకున్నాడు.

ఫోటోకి ఎంపికయ్యానని తెలిస్తే అది ఎగిరి గంతేసేది. దుకాణంలో వారం రోజులు ఎవరినీ నిలబడనిచ్చేది కాదు. మీరు రాసిన కాగితం దాని ఫోటో పక్కన పెట్టాను. తెలియక రాశారు, అయినా మంచి మాటే రాశారు.

ఇంకో తా.క. డబ్బా తిరిగి పంపండి. మూత బిగుసుకుపోతుంది. ఎడమ పక్కన బొటనవేలితో నొక్కి తీయాలి. ఇది తెలియకపోతే సాయంత్రం దాకా ఆకలితో ఉండాల్సిందే.

*

అమ్మా,

నమస్కారం. ఇది ఆఫీసు కాగితం కాదు, నా నోటుపుస్తకంలోది. మీకు ఇంతకుముందు జవాబులు రాసిన సహాయ అధికారిని నేనే. పేరుకే అధికారిని. చేరి ఏడాది కూడా కాలేదు.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మా ఆఫీసుకి వచ్చే ఉత్తరాలు మా చేతికి రావు. కింది అంతస్తులో ఒక యంత్రంలో పెడతారు. అది కాగితానికి ఒక వైపే బొమ్మ తీస్తుంది. ఆ బొమ్మ మా తెర మీదికి వస్తుంది, కాగితం అట్టపెట్టెలోకి పోతుంది. కంపెనీకి రాసేవాళ్ళు ఒక వైపే రాస్తారని ఎవరో ఎప్పుడో అనుకున్నారు. మీ ఉత్తరాలు నేను సగమే చదివానమ్మా.

డబ్బాని యంత్రంలో పెట్టడం కుదరదు కాబట్టి అది నేరుగా నా బల్ల మీదికి వచ్చింది. మూత తీయడానికి అరగంట పట్టింది. నలుగురం లాగాం. ఎడమ పక్కన నొక్కాలని మీరు రాసిన కాగితం లోపల ఉంది మరి.

ఆ కాగితం తీసి చదివి పక్కన పెట్టబోతుంటే తిరగబడింది. వెనక కూడా అక్షరాలు కనిపించాయి. చదివాను. చదివి, కింది అంతస్తుకి పరిగెత్తి, ఆ అట్టపెట్టెల్లో మీ మొదటి రెండు ఉత్తరాలూ వెతికి పట్టుకుని, అక్కడే నేల మీద కూర్చుని వాటి వెనక వైపులు చదివాను. పోయిన పిల్లని ఫోటోకి రమ్మన్నాను. సంతకం చేయాలన్నాను. ఏ మాట రాసినా సరిపోదని తెలుసు. క్షమించమ్మా.

ఇప్పుడు మీరడిగిన సంగతి. స్కార్ఫు మాస్టారుకి ఇచ్చాను. ఆయన ఎవరితోనూ మాట్లాడరు, ముక్కు అలిసిపోతుందట. మడత విప్పి వాసన చూశారు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. తిరిగొచ్చి మళ్ళీ చూశారు. "ఉంది" అన్నారు.

"ఏముంది మాస్టారూ?"

"మూడోది. మనది కాదు. గంజి పెట్టిన నూలుబట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె ఆడితే వచ్చే వాసన. బట్ట వేడి మీద ఉండగానే మన సెంటు పడింది. రెండూ అల్లుకుపోయాయి. ఒకే గంజి, ఒకే చెయ్యి, రోజూ, ఏళ్ళ తరబడి పడితే గానీ గుడ్డకి ఇంతగా పట్టదు. ఇది సీసాలో పెట్టడం నా తరం కాదు. ఆవిడకి రాయి, ఆ పిల్ల బట్టలు ఇస్త్రీ చేసిన మనిషి ఎవరో కనుక్కోమని. మూడోది ఆ మనిషి దగ్గరుంది."

ఆయన ఒక్క రోజులో ఇన్ని మాటలనడం మేమెవ్వరం చూడలేదు.

అందుకని అమ్మా, ఆ ఇస్త్రీ మనిషిని ఎలాగైనా వెతకండి. చోటు మారిపోయి ఉంటే చెప్పండి, సెలవు పెట్టి వచ్చి మీతోపాటు వీధి వీధీ తిరుగుతాను. స్కార్ఫు భద్రంగా డబ్బాలోనే పంపుతున్నాను.

మీ,
(ఇక సహాయ అధికారి అని రాయలేను)

(వెనక వైపు)

తా.క. కావాలనే వెనక రాస్తున్నాను. నేను ఇంటికి దూరంగా, ఆడపిల్లల హాస్టల్లో ఉంటాను. మీరు చెప్పిన పద్ధతి ప్రయత్నిద్దామని నిన్న నా తెల్ల చొక్కాకి గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. ఇప్పుడు దాని వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారం ఉంది.

ఇంకో తా.క. మూడు ఉత్తరాల్లోనూ మీరు కడుపు నిండా తిను అన్నారు. మొదటి రెండుసార్లూ నేను ఆ మాటని భద్రతా విభాగానికి పంపాను. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం నేను తినలేదు. పని పూర్తి కాలేదని.

*

బుజ్జులూ,

ఇది నీకే అమ్మాయ్, ఆఫీసుకి కాదు. మొదలు ఇలాగే వస్తుంది, ఏమీ అనుకోకు.

సెలవు పెట్టకు. వీధులు తిరగకు. ఇస్త్రీ మనిషి దొరికింది. ఎక్కడికీ పోలేదు. పదకొండు నెలలుగా ఇస్త్రీపెట్టెని మంచం కింద దాచి, ఆ మంచం మీదే పడుకుంటోంది.

నేనే.

పంతొమ్మిదేళ్ళు మెట్ల కింద బల్ల వేసుకుని వీధి మొత్తానికీ ఇస్త్రీ చేశాను. బుజ్జులు ఆ బల్ల కిందే పాకింది, ఆ బల్ల మీదే నాకు అక్షరాలు దిద్దించింది. అది పోయాక పెట్టె పట్టుకుంటే చెయ్యి దాని చొక్కా కోసమే చూసేది. అందుకని మానేశాను. నీ ఉత్తరం చదివి టైలరన్నయ్య, "చెల్లెమ్మా, వీళ్ళు నిన్నే వెతకమని నీకే రాశారు" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. టేపు మాత్రం నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున పెట్టె బయటికి లాగాను. గంజి కాచాను. దాని దుకాణం చొక్కా తడిపి, పిండి, ఆరేసి, నీళ్ళు చిలకరించి, బల్ల మీద పరిచాను. ముందు కాలరు, తర్వాత చేతులు, చివర వీపు. అలవాటున్న చెయ్యి, నన్ను అడగకుండానే చేసుకుపోయింది. వేడి తగ్గకముందే మీ సీసా తీసి కొట్టాను. మరక పడుతుందే అని నాకు నేనే అరవబోయి ఆగాను.

ముందు బేరిపండు వచ్చింది. తర్వాత మల్లె. తర్వాత, అమ్మాయ్, అది వచ్చింది.

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. అప్పుడే టైలరన్నయ్య దారాలు కొనడానికి అటుగా వెళుతూ, అలవాటుగా లోపలికి తలపెట్టి, "ఏంటి, పిల్ల ఇంకా పనికి పోలేదా?" అన్నాడు. అనేశాక నోరు మూసుకున్నాడు. నేను పక్కకి జరిగి చోటిచ్చాను. ఆ పది నిమిషాలూ ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆ తర్వాత వాసన దాని దారిన అది వెళ్ళింది. వెళ్ళనిచ్చాను. రేపు మళ్ళీ చేసుకోవచ్చు.

నా వాసన నాకు తెలియకపోవడం చూడు. పంతొమ్మిదేళ్ళు అందులోనే ఉన్నాను కదా, ఇక ముక్కుకి ఏం తెలుస్తుంది. మీ కంపెనీ తీసేసిందని మీ మీదికి వచ్చాను. బుజ్జులు రోజూ గడప దాటేటప్పుడు మీ సీసాని పైన వేసుకుని, లోపల నన్ను వేసుకుని వెళ్ళేదన్నమాట. నేను లేకుండా ఒక్క రోజూ బయటికి పోలేదు.

అమ్మ

(వెనక వైపు)

తా.క. మెట్ల కింద బల్ల మళ్ళీ వేశాను. గుండీలు సాయంత్రం పూట కుడతాను. టైలరన్నయ్య మొదటి బేరంగా ఇరవై ప్యాంట్లు ఇచ్చాడు. అందులో పదహారు ఆయనవే.

మీ మాస్టారుకి నా దండాలు చెప్పు. ఆయన ముక్కుకి విశ్రాంతి ఇవ్వమను. మీ ప్యాకింగు పెద్దాయనకి కూడా చెప్పు, బుజ్జులు అని పిలిపించుకోవడం సిగ్గుపడే సంగతి కాదని.

నీ చొక్కా పంపు. వీపు మీది కాలిన మచ్చ పోదు గానీ, టైలరన్నయ్య దాని మీద జేబు కుడతానంటున్నాడు. వీపు మీద జేబు ఏంటని అడిగితే, "కాల్చుకున్నవాళ్ళకి అదే ఫ్యాషన్" అంటాడు. ఇకమీదట నూలుబట్ట మీద పెట్టెని ఆపకు, నడుపుతూనే ఉండు. ఆలోచన వస్తే ముందు పెట్టె పక్కన పెట్టి, అప్పుడు ఆలోచించు.

ఇంకో తా.క. డబ్బా మళ్ళీ నీకే పంపుతున్నాను. నా దగ్గర ఖాళీగా ఉండి ఏం చేస్తుంది. ఎడమ పక్కన నొక్కాలి, ఈసారి బయట కూడా రాశాను. లోపల ఒక చిన్న చీటీ ఉంది. దాని వెనక ఏమీ రాయలేదు, తిప్పి చూడనక్కర్లేదు. పని ఎప్పటికీ పూర్తి కాదు, మధ్యాహ్నం అయిపోతుంది.

కడుపు నిండా తిను.